మొదటి పిటిషనరు

లాండ్రీ నడిపేవాడి ఒంటిమీది చొక్కాయే ఆ కొట్టుకు బోర్డు అని తెల్లబాబాయి నమ్మకం. అందుకే మీసం మొలిచిన నాటినుంచి అది నెరిసేదాకా తెల్లచొక్కా తప్ప మరోటి తొడగలేదు. వాన పడి వీధంతా బురదైన రోజున సైకిల్ తొక్కుకుంటూ వచ్చినా కొట్టు మెట్టెక్కేసరికి అతని చొక్కా మీద చుక్క కనబడేది కాదు. ఎలాగయ్యా అని అడిగితే "బురదకు నేనంటే భయమండీ" అనేవాడు. పిల్లలు బాబాయని, పెద్దలు తెల్లబాబాయని పిలిచి పిలిచి ఆ పేరు ఎంత అంటుకుపోయిందంటే, అతని భార్య కూడా గిరాకీలతో "బాబాయి భోజనానికెళ్లారు, అరగంటాగి రండి" అనేసి, ఆనక నాలుక్కరుచుకునేది.

కుర్రతనంలో ఓ పెద్ద హోటల్ వెనక గుడ్డలుతికే గదిలో పనిచేశాడు. దుప్పట్లు, టవళ్లు, వంటవాళ్ల కోట్లు. ఏ మరకకు చన్నీళ్లు, ఏ మరకకు వేణ్ణీళ్లు, దేన్ని రుద్దాలి, దేన్ని ముట్టుకోకుండా నానబెట్టాలి, అన్నీ అక్కడ నేర్చినవే. పని నేర్పిన ముసలి మేస్త్రి పనితోపాటు రెండు నీతులు కూడా నేర్పాడు. ఒకటి: ఖాళీ కొట్టులోకి గుడ్డ రాదు. రెండు: బేరం ఎలా ఉందని ఎవరడిగినా, ఆ రోజు ఈగలు తోలుకుంటున్నా సరే, ఊపిరాడటం లేదనే చెప్పాలి. తెల్లబాబాయి పెళ్లి చేసుకుని సొంతంగా కొట్టు పెట్టాక ఈ రెండు నీతుల్నీ ఒక్కరోజు కూడా తప్పలేదు.

మొదటి నీతికి ఓ ఉపాయం ఉంది. ప్రతి లాండ్రీలోనూ ఎవరూ తిరిగి రాని గుడ్డలు కొన్ని మిగిలిపోతాయి. ఇచ్చినవాళ్లు ఊరు మారతారు, మొగుడూ పెళ్లాలు విడిపోతారు, మనిషే పోతాడు. కొందరికైతే ఇచ్చిన సంగతే గుర్తుండదు. ఆరు నెలలు దాటితే వాటిని అమ్ముకునే వాడుక ఉంది. తెల్లబాబాయి అమ్మేవాడు కాదు. దుమ్ము పట్టగానే మళ్లీ ఉతికి, భార్యచేత ఇస్త్రీ చేయించి, కొత్త కవరు తొడిగి, వీధిలోకి కనబడేలా ముందు కడ్డీకి వరసగా తగిలించేవాడు. కోట్లు, పట్టుచీరలు, ఎవరిదో పోలీసు యూనిఫారం, ఓ లాయరు నల్లకోటు. దారిన పోయేవాళ్లకు కొట్టు కిటకిటలాడుతున్నట్టుండేది.

"సొంతదారులు మరిచిపోయిన గుడ్డల్ని నెలకోసారి ఇస్త్రీ చేస్తున్నాను. నా కూతురి పెళ్లిచీర కూడా ఇన్నిసార్లు చేయలేదు" అని సణిగేది భార్య.

"అవి గుడ్డలు కావే, సాక్షులు. మనకు బేరం ఉందని చెప్పే సాక్షులు."

"అబద్ధపు సాక్షులు."

ఆమె ఇస్త్రీకి పేరుంది. ప్యాంటు మీద ఆమె తీసిన గీత వారం రోజులు కూర్చుని లేచినా చెరిగేది కాదు. అయినా చాలా రోజులు మధ్యాహ్నానికే పని అయిపోయేది. అప్పుడు పెట్టె పక్కన పెట్టి వీధివైపు చూస్తూ కూర్చునేది. ఎవరైనా వస్తుంటే లేచి, చేసిన చొక్కానే మళ్లీ చేస్తున్నట్టు నటించేది. మొగుడి నీతి ఆమెకు నచ్చేది కాదు గానీ పాటించేది.

ఆ కొట్టున్న చోటు సొంతం కాదు. ఆమె అన్నయ్య ఇంటి పక్కవాటాలోని రెండు గదులు. అద్దె తక్కువ, బావగారి మాటలు ఎక్కువ. పైగా ఆ ఇంటిల్లిపాది బట్టలూ ఉచితంగా ఉతకాలి. "మా బావ నా దగ్గర అద్దె తీసుకోడు, చాకిరీ తీసుకుంటాడు" అని తెల్లబాబాయి అంటే, "మా బావ అద్దె ఇవ్వడు, లెక్చరిస్తాడు" అని ఆయన అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. పాతికేళ్లు అలాగే నడిచింది.

ఓ రోజు బావ నవ్వకుండా వచ్చాడు.

"బావా, మావాడు సెల్‌ఫోన్ల కొట్టు పెడతానంటున్నాడు. వీధిలోకి మొహం ఉన్న గదులు ఇవే. పరాయివాళ్లయితే నెలలో ఖాళీ చేయమనేవాణ్ణి. నువ్వు గనక ఏడాది ఇస్తున్నాను."

"ఏడాదెందుకు బావా, ఆర్నెల్లలో వెళ్లిపోతాం. మా స్థలం ఉందిగా" అన్నాడు తెల్లబాబాయి. ఊపిరాడనంత బేరం ఉన్నవాడు అలాగే మాట్లాడాలి మరి.

స్థలం ఉన్నమాట నిజమే. నగరం పెరుగుతున్న వైపు, కొత్త రోడ్డు పక్కన, ఎప్పుడో చవగ్గా కొన్న చిన్న ముక్క. ఉన్నదంతా ఊడ్చి అక్కడ కట్టడం మొదలుపెట్టాడు. కింద ఉతుకుడు హాలు, పైన ఇద్దరికీ ఓ గది. అన్నిటికంటే ముందు నీళ్ల ట్యాంకు కట్టించాడు. అది చూసి తాపీమేస్త్రి పగలబడి నవ్వాడు. "బాబాయ్, అందరూ ఇల్లు కట్టి మీద ట్యాంకు పెడతారు. నువ్వు ట్యాంకు కట్టి దాని కింద ఇల్లు దూరుస్తున్నావ్!"

"నీళ్లుంటేనే నా ఇల్లయ్యా. గోడలదేముంది" అన్నాడు తెల్లబాబాయి.

గోడలు లేచే సమయానికి నగరపాలక సంస్థ ఓ కొత్త తీర్మానం చేసింది. కొత్తగా ఏ కట్టడం లేచినా దానివల్ల నీటి గొట్టాలమీద, మురుగు కాలువలమీద బరువు పెరుగుతుంది కాబట్టి, ఆ బరువుకు తగ్గ రుసుము కట్టినవాళ్లకే నీళ్ల కనెక్షన్ ఇస్తారు. ఫ్లాట్లకైతే ఫ్లాటుకింత అని ఒకే రేటు. వ్యాపారానికైతే అది ఎన్ని నీళ్లు వాడుతుందో చూసి లెక్క కడతారు. ఆ లెక్క కోసమే ఒకనాటి సాయంత్రం నీటి విభాగం ఇంజినీరు పాత కొట్టుకొచ్చాడు.

మర్యాదస్తుడు. చెప్పులు బయట విడవబోతే తెల్లబాబాయే వద్దన్నాడు. కొట్టులో అప్పుడు ఇద్దరు గిరాకీలున్నారు. ఇంజినీరు ముందు కడ్డీ కింద నిలబడి, తలకు తగులుతున్న కవర్లను చేత్తో పక్కకు నెట్టుకుంటూ అడిగాడు.

"రోజుకు ఎన్ని జతలు ఉతుకుతారండీ?"

ఇస్త్రీ బల్ల దగ్గర భార్య చెయ్యి ఆగింది.

"ఎన్నని చెప్పమంటారు సార్! ఊపిరాడటం లేదు. అయిదొందల దాకా ఉంటాయి."

"అయిదొందలా?" ఇంజినీరు తలెత్తి కడ్డీని ఆ చివరనుంచి ఈ చివరదాకా చూశాడు. "ఇవన్నీ ఇవాళ్టివేనా?"

"ఇవి సగమేనండీ. మిగతావి లోపలున్నాయి."

గిరాకీల్లో ఒకాయన మెచ్చుకోలుగా తలాడించాడు. తెల్లబాబాయికి గుండె అంగుళం పెరిగింది. ఇంజినీరు రాసుకుని సంతకం చేయమన్నాడు. చేశాడు. ఆయన వెళ్లాక, గిరాకీలూ వెళ్లాక, భార్య పెట్టెను నిలబెట్టి మొగుడివైపు తిరిగింది.

"అయిదొందల జతలు ఎవరు ఇస్త్రీ చేస్తున్నారు?"

"ఊరికే అన్నానే. పదిమందిలో వందని చెబితే ఏం బావుంటుంది?"

"వంద కూడా లేవు. వంద చేసిన రోజున నా భుజం లాగుతుంది. నా భుజం లాగి ఎన్నాళ్లయిందో మీకు తెలుసా?"

"ప్రభుత్వం మనిషి ముందు పెద్దగా కనబడితే మంచిదే. పనులు తొందరగా అవుతాయి."

పని తొందరగానే అయింది. నెల తిరక్కుండా నోటీసొచ్చింది. అందులో వేసిన రుసుము స్థలం కొన్నదానికి కాస్త తక్కువ, గోడలకు పెట్టినదానికి కాస్త ఎక్కువ. తెల్లబాబాయి దాన్ని మూడుసార్లు చదివి, ఒక సున్నా అదనంగా పడి ఉంటుందనుకుని ఇంజినీరు దగ్గరికి పరుగెత్తాడు.

"సున్నా సరిగ్గానే ఉందండీ. రోజుకు అయిదొందల జతలకు పట్టే నీళ్లు, బయటికొచ్చే మురుగు. మీరు చెప్పిందే కదా."

"కాస్త ఎక్కువ చెప్పి ఉంటాను సార్."

ఇంజినీరు నవ్వలేదు, విసుక్కోలేదు. "తగ్గించడానికి దారుంది. కనెక్షన్ తీసుకోండి. ఏడాదిపాటు మీటరు రీడింగు చూస్తాం. నిజంగా తక్కువ వాడుతున్నారని తేలితే తగ్గించి మిగతాది సర్దుబాటు చేస్తాం."

"మరి కనెక్షన్ ఎప్పుడిస్తారు?"

"రుసుము మొత్తం కట్టగానే."

తెల్లబాబాయి మెట్లమీద కాసేపు కూర్చున్నాడు. మీటరు తిరగాలంటే డబ్బు కట్టాలి, డబ్బు తగ్గాలంటే మీటరు తిరగాలి. అప్పుకోసం బ్యాంకుకెళితే, కట్టడం పూర్తయిందన్న సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆ సర్టిఫికెట్‌కేమో నీళ్ల కనెక్షన్ ఉండాలి. అడకత్తెరలో పోకచెక్కకైనా రెండు పక్కలే. అతనికి ఎన్ని పక్కలో లెక్క తెలియలేదు.

ఆ సమయంలోనే బిల్డర్ల సంఘం ప్రెసిడెంటు కొట్టు ముందు కారాపాడు. తెల్లబాబాయి స్థలానికి ఎదురుగానే ఆయన మూడు పెద్ద అపార్టుమెంట్లు లేపుతున్నాడు. ఫ్లాటుకింత చొప్పున ఆయనకు పడిన రుసుము వింటే కళ్లు తిరుగుతాయి. కోర్టులో సవాలు చేయబోతున్నారు. అయితే వాళ్ల లాయరమ్మ ఓ మాటంది: ముందు వరసలో బిల్డర్లుంటే జడ్జిగారికి కార్లు కనబడతాయి, బాధ కనబడదు. ఓ చిన్న మనిషిని మొదటి పిటిషనరుగా పెట్టండి, వెనక మీరు నిలబడండి.

"బాబాయిగారూ, మీరు ముందుంటే చాలు. ఖర్చంతా సంఘానిదే" అన్నాడు ప్రెసిడెంటు. "కేసు మీ పేరుమీదే నడుస్తుంది. రేపు గెలిస్తే పేపర్లో మీ పేరే."

తెల్లబాబాయి భార్యవైపు చూశాడు. ఆమె "ముందు నడిచేవాడికే ముల్లు" అని, ఇస్త్రీ మీదికి వంగింది. బావ అయితే ఇంకా సూటిగా అన్నాడు: "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. నువ్వెక్కడ ఏడవాలనుకుంటున్నావ్ బావా?"

"కట్టలేనివాడు కోర్టుకెళ్లక ఏం చేస్తాడు బావా? నువ్విస్తావా?"

బావ ఆ మాట విననట్టు లేచి వెళ్లిపోయాడు.

లాయరమ్మ ఆఫీసు నాలుగో అంతస్తులో. అక్కడికి ప్రెసిడెంటు తన కార్లోనే తీసుకెళ్లాడు. దారిలో మాటల మధ్యలో అన్నాడు, "మా గెస్ట్‌హౌసులున్నాయి. దుప్పట్లు, కర్టెన్లు, వాచ్‌మెన్ల యూనిఫారాలు. ఇప్పుడిచ్చేచోట ఆలస్యం చేస్తున్నారు. మీరు అంత పని తట్టుకోగలరా?"

"అదెంత సార్!" అన్నాడు తెల్లబాబాయి. కారు దిగేసరికి కొత్త హాల్లో మూడు మెషీన్లు తిరుగుతున్నట్టు, వాటి ముందు నలుగురు పనివాళ్లున్నట్టు కళ్లముందు కనబడింది.

లాయరమ్మ గట్టి మనిషి. మాట తక్కువ, పెన్ను ఎక్కువ. కళ్లద్దాలమీదుగా చూస్తూ అడిగింది. "బాబాయిగారూ, ఇంజినీరు రిపోర్టులో రోజుకు అయిదు వందల జతలని ఉంది. ఇది సరైనదేనా? బాగా ఆలోచించి చెప్పండి. దీనిమీద మీరు ప్రమాణం చేస్తారు."

పక్క కుర్చీలో ప్రెసిడెంటు ఫోన్ చూసుకుంటున్నాడు. చూసుకుంటూనే చెవి ఇటు పెట్టాడు. గెస్ట్‌హౌసుల దుప్పట్లన్నీ ఆ చెవిలో ఉన్నాయి.

"సరైనదేనమ్మా" అన్నాడు తెల్లబాబాయి.

"మంచిది. అంత వాడకానికైనా ఈ రుసుము ఎక్కువేనని వాదిస్తాను" అని రాసుకుంది ఆవిడ. ఆ రాత అఫిడవిట్టయింది. అతను సంతకం పెట్టాడు. సంఘం వాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో టీ తెప్పించారు.

కేసు మొదటి వాయిదాకే స్టే వచ్చింది. తుది తీర్పు వచ్చేదాకా ఎవరిదగ్గరా రుసుము వసూలు చేయొద్దని కోర్టు చెప్పింది. తెల్లబాబాయి ఆ కాగితం నకలు పట్టుకుని కొత్త తెల్లచొక్కాలో నీటి విభాగానికి వెళ్లాడు. ఇంజినీరు చదివి తిరిగిచ్చేశాడు.

"వసూలు చేయొద్దన్నారు. చేయం. కనెక్షన్ ఇమ్మని మాత్రం ఇందులో లేదండీ."

"అంటే?"

"అంటే కేసు తేలేదాకా ఆగాలి. అందరూ ఆగుతున్నారు."

అందరి ఆగడమూ ఒకటి కాదు. ప్రెసిడెంటు ఫ్లాట్ల కట్టడం ఇంకా పై అంతస్తుల్లో సాగుతోంది, ఆయనకు ఆగడం నష్టం కాదు. తెల్లబాబాయికి మాత్రం బావ ఇచ్చిన ఏడాది కరిగిపోతోంది. ఆదివారాలు మొగుడూ పెళ్లాలు కొత్త కట్టడానికి వెళ్లి, హాల్లో పేరుకున్న దుమ్ము ఊడ్చి వచ్చేవాళ్లు. గోడలకు సున్నం వాసన, కుళాయిలకు ఇంకా విప్పని ప్లాస్టిక్ కవర్లు. భార్య ఒకసారి ఊరికే కుళాయి తిప్పి చూసింది. "గాలి కూడా రావడంలేదు" అంది. ఓ ట్యాంకరు నీళ్లు పోయించుకుని మొదలుపెడదామంటే, మురుగు కనెక్షన్ లేకుండా లాండ్రీకి లైసెన్సు ఇవ్వరు. అడిగి చూశాడు కూడా.

ఏడాది దాటింది. బావ మొదట మూడు నెలలు పొడిగించాడు, తర్వాత మరో రెండు. ఆ తర్వాత మేనల్లుడే అద్దాల షోకేసులు తెచ్చి లాండ్రీ వరండాలో పెట్టించాడు. ఉతికిన గుడ్డలు ఆరేయాలంటే వాటిని తప్పుకుని నడవాల్సొచ్చేది. "పగిలితే మామయ్య కొత్తవి కొనిస్తాడులే" అని నవ్వేవాడు. అది నవ్వులాటే. అయినా తెల్లబాబాయి ప్రతిసారీ ఒంటిని పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి నడిచేవాడు.

చివరి వాదనల రోజున అతను కోర్టు హాల్లో వెనక బల్లమీద కూర్చున్నాడు. సంస్థ తరఫు లాయరు లేచి, గొంతు పెంచకుండా మాట్లాడాడు. రుసుముకూ బరువుకూ సంబంధం లేదని వీళ్లంటున్నారు. మొదటి పిటిషనరు సంగతే చూడండి. తన లాండ్రీలో రోజుకు అయిదు వందల జతలు ఉతుకుతానని ఆయనే మా ఇంజినీరుకు చెప్పాడు. అది నిజమేనని ఇదే కోర్టులో ప్రమాణం చేశాడు. చిన్న మనిషని చెబుతున్న ఈయన నీళ్ల వాడకం ఓ చిన్న ఆస్పత్రి వాడకంతో సమానం. మేం మా లెక్కతో వేయలేదు, ఆయన లెక్కతోనే వేశాం.

జడ్జిగారు తలెత్తి ఎవరా మొదటి పిటిషనరు అన్నట్టు హాలంతా చూశారు. తెల్లబాబాయి ముందు బల్ల చాటుకు ఒదిగాడు. తెల్లచొక్కా దాక్కోవడానికి పనికిరాదు.

విరామంలో వరండాలో లాయరమ్మను పట్టుకున్నాడు. ప్రెసిడెంటూ అక్కడే ఉన్నాడు.

"అమ్మా, ఆ అయిదొందలు నిజం కాదమ్మా."

ఆవిడ చేతిలోని కాగితాలు మూసింది. "ఎంత?"

"ఎనభై. మంచి రోజైతే తొంభై. బేరం ఎంతని ఎవరడిగినా ఎక్కువే చెబుతామమ్మా మేం. తక్కువని చెబితే ఉన్న గిరాకీ కూడా పోతుంది. అందరూ అంతే చెబుతారు."

"నేను అడిగినప్పుడు?"

తెల్లబాబాయి ప్రెసిడెంటువైపు చూశాడు.

"ఇప్పుడు మార్చొచ్చా అమ్మా?"

"మార్చమని అడగొచ్చు. అడిగితే, ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన మనిషి వేసిన పిటిషనా ఇది అంటారు. మీ ఒక్కరిదే కాదు, మొత్తానికే ముప్పు."

"ఏంటయ్యా నువ్వు!" అన్నాడు ప్రెసిడెంటు. ఇన్నాళ్లూ మీరు, గారు అన్న నోరే. "ఇప్పుడు నువ్వు మాట మారిస్తే మా గతేంటి? నోరెత్తకు. ఫ్లాట్ల వాదన బలంగానే ఉంది. గెలుస్తాం."

"నేను తప్పుకుంటానండీ. నా పేరు తీసేయండి."

"మొదటి పేరు తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతారు" అంది లాయరమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు. తన పెన్నుతో తనే రాసిన మాట అది. "నేనింకో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది. మీరు నిజం చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు వాదించడమే."

ఆవిడ బాగానే వాదించింది. గెలిచింది కూడా. తీర్పు ఇలా వచ్చింది: ఫ్లాట్లకు వేసిన రుసుము చెల్లదు, ఎందుకంటే ఏ ఫ్లాటు ఎంత బరువు పెంచుతుందో సంస్థ అసలు లెక్కే కట్టలేదు, అందరికీ ఒకే రేటు పెట్టేసింది. మొదటి పిటిషనరు విషయం వేరు. అతని వాడకాన్ని అతని వాంగ్మూలం మీదనే లెక్కగట్టారు. ఆ లెక్కలో కోర్టుకు తప్పు కనబడలేదు. వాడకం తక్కువని రుజువు చేయదలిస్తే నిబంధనల ప్రకారం కనెక్షన్ తీసుకుని మీటరు చూపించుకోవచ్చు.

కోర్టు బయట సంఘంవాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఎవరో తెల్లబాబాయిని కూడా కౌగిలించుకుని, "మీ కేసే గెలిచింది బాబాయ్" అని వీపు తట్టి, తర్వాత గుర్తొచ్చి వదిలేశాడు. మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. కేసు అతని పేరుమీదే ఉంది గనక అతని పేరే వేశారు. అభినందించడానికి పాత గిరాకీలు ముగ్గురు కొట్టుకొచ్చారు. ఏం చెప్పాలో తెలియక "అంతా మీ అభిమానం" అన్నాడు.

అప్పీలుకు వెళ్లొచ్చని లాయరమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంఘానికిక ఆ అవసరం లేదు, ఖర్చు మీదే అవుతుంది, ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను, నా ఫీజు మాత్రం వద్దు అంది. ఫీజు కాక మిగతా ఖర్చులు ఏమేముంటాయో కూడా చెప్పింది. తెల్లబాబాయి అన్నీ విని, "ఆలోచించి చెబుతానమ్మా" అన్నాడు. మళ్లీ ఫోన్ చేయలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర భార్య ఒక్క మాటే అంది. "నోరా, వీపుకు దెబ్బలు తేకే అన్నారు పెద్దలు. మన వీపుకు కాదు, నా భుజానికొచ్చింది. నీళ్లు లేవు, ఉతుకుడు లేదు, ఇక దీనికి పనే లేదు." అని కుడిభుజం తడుముకుని, అతని కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది.

బావ వాటా ఖాళీ చేసిన రోజున, అమ్మేసిన ఉతుకుడు మెషీన్ని కొన్నవాళ్లు లారీలో వేసుకుని వెళ్లారు. కొత్తహాల్లో నీళ్లతో పని లేని వ్యాపారం ఏదైనా చేసుకోవచ్చు. ఊరవతల ఓ పెద్ద లాండ్రీ కంపెనీ ఉంది. వీధివీధికీ కౌంటర్లు పెట్టి, గుడ్డలు పోగుచేసి, వ్యానులో తీసుకెళ్లి ఉతికి తెస్తుంది. వాళ్లతో ఒప్పందం కుదిరింది. వారానికి రెండుసార్లు వ్యాను. ఉతుకుడు వాళ్లది, ఇస్త్రీ కూడా వాళ్లదే, అక్కడ ఆవిరి యంత్రాలున్నాయి. ఇక్కడ తీసుకోవడం, చీటీ కుట్టడం, తిరిగివ్వడం. ఒప్పందంలో ఓ షరతుంది: కౌంటరువాళ్లు గుడ్డకు సబ్బు గానీ నీళ్లు గానీ మరే మందు గానీ తగిలించకూడదు. తగిలిస్తే మరక పోకపోయినా, గుడ్డ పాడైనా కంపెనీకి బాధ్యత లేదు.

కంపెనీ ఇచ్చిన నీలంరంగు టీషర్టు వేసుకుని తెల్లబాబాయి కౌంటరు వెనక కూర్చున్నాడు. ఎదురుగా ప్రెసిడెంటు అపార్టుమెంట్లలో కాపురాలు మొదలయ్యాయి. బాల్కనీల్లో గుడ్డలు ఆరుతున్నాయి. రుసుము కొట్టేశాక వాళ్లకు కనెక్షన్లు వారంలో వచ్చాయి. గెస్ట్‌హౌసుల దుప్పట్లు ఎక్కడికి వెళ్తున్నాయో అతను అడగలేదు.

ఓ ఉదయం అటునుంచి ఒకాయన గబగబా రోడ్డు దాటి వచ్చాడు. పాత కొట్టుకు వచ్చే మనిషే. ఎదుటి ఫ్లాట్లలో కొత్తగా దిగిన స్కూలు మాస్టారు. చేతిలో లేతరంగు చొక్కా, దాని జేబు కింద పెన్ను కారిన సిరా. ఇంకా తడిగానే ఉంది.

"బాబాయ్, ఇప్పుడే అయింది. పొద్దున్నే మీరు కనబడటం నా అదృష్టం. కానీయండి."

తెల్లబాబాయి చొక్కా అందుకున్నాడు. తడి సిరా. ఇప్పటికిప్పుడు వెనకనుంచి చన్నీళ్లు ధారగా వదిలితే సగం పోతుంది. మిగతా సగానికి ఏం వాడాలో, ఎంతసేపు ఉంచాలో చేతులకే తెలుసు. బొటనవేలు దానంతటదే మరక అంచుకు వెళ్లి ఆగింది. వ్యాను వచ్చేది ఎల్లుండి.

చొక్కాను బల్లమీద పరిచాడు. చీటీ తీశాడు.

"ఎల్లుండి వెళ్తుందండీ. ఆ తర్వాత మూడ్రోజులకు వస్తుంది."

"ఎల్లుండా? అప్పటికి ఎండిపోదూ? మీరే కదా ఓసారి చెప్పారు, సిరా ఎండితే ఇక అంతే అని."

"మా దగ్గర ఉతకరండీ ఇప్పుడు. నీళ్లు లేవు."

మాస్టారు కొత్త హాలును, గోడలవెంట పోయిన గొట్టాలను, కుళాయిలను చూశాడు. ఏమీ అర్థం కానట్టు మళ్లీ అతనివైపు చూశాడు. "మరక పోతుందా, పోదా? అది చెప్పండి."

"చెప్పలేనండీ."

లోపల భార్య కుర్చీలోంచి లేచి గుమ్మందాకా వచ్చింది.

మాస్టారు బల్లమీది చొక్కాను మెల్లగా తనవైపు లాక్కున్నాడు. "ఏమనుకోకండి బాబాయ్. ఇంట్లో కుళాయి ఉందిగా, నేనే ఏదో చేసుకుంటాను."

"రుద్దకండి" అన్నాడు తెల్లబాబాయి వెనకనుంచి. "చన్నీళ్లు, వెనకవైపునుంచి. వేణ్ణీళ్లు అసలు తగలనివ్వకండి."

మాస్టారు చెయ్యెత్తి విన్నానన్నట్టు ఊపాడు. అప్పటికే రోడ్డు మధ్యలో ఉన్నాడు.